దూకితే అయిపోదు: స్విమ్మింగ్ స్టార్ట్ కథ, 1896 నుంచి ఇప్పటిదాకా

ఈ ఎపిసోడ్‌ని నా నుదుటి మీద ఉన్న మచ్చతో మొదలుపెడతా. కెమెరాకి దగ్గరగా వస్తే కనిపిస్తుంది చూడండి.

నాకు పద్నాలుగేళ్లు. ఎండాకాలం సెలవులు. ఎల్బీ నగర్ వైపు ఒక పూల్‌లో సమ్మర్ బ్యాచ్‌లో చేరాను. యూట్యూబ్‌లో ఫెల్ప్స్ వీడియోలు చూసిన ఊపులో గట్టు మీద వంగి, తల ముందుకు పెట్టి దూకేశా. నీళ్లు నా ఛాతీ దాకా కూడా లేవు. నుదురు పోయి అడుగున టైల్‌కి తగిలింది. మూడు కుట్లు. దిల్‌సుఖ్‌నగర్‌లో కుట్లు వేసిన డాక్టర్ గారు ఒక్క మాటే అన్నారు: "నుదురు కాబట్టి ఇంటికి పోతున్నవ్ బాబూ. అదే మెడ అయ్యుంటే?"

ఆ మాట ఇప్పటికీ మర్చిపోలేదు. మరి ఒలింపిక్స్‌లో వాళ్లు అలాగే ఎందుకు దూకుతారు? దాంతో టైమ్ నిజంగా తగ్గుతుందా? చూద్దాం.

మొదటి ఆధునిక ఒలింపిక్స్, 1896, ఏథెన్స్. పూల్ లేదు, బ్లాక్ లేదు. పోటీలు సముద్రంలో పెట్టారు. ఈతగాళ్లను పడవల్లో తీసుకెళ్లి చల్లటి నీళ్లలో దింపారు. 100 మీటర్లు హంగేరీ కుర్రాడు ఆల్‌ఫ్రెడ్ హాయోస్ గెలిచాడు. టైమ్ 1 నిమిషం 22.2 సెకన్లు. ఒలింపిక్స్‌లో స్టార్టింగ్ బ్లాక్స్ వచ్చింది 1936 బెర్లిన్‌లో. అంటే నలభై ఏళ్లు పట్టింది.

ఇప్పుడు మన మనిషి దగ్గరికి వద్దాం. షంషేర్ ఖాన్. అప్పటి గుంటూరు జిల్లా రేపల్లె దగ్గరి పల్లెటూరి నుంచి ఆర్మీకి వెళ్లి, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఈదిన మనిషి. 200 మీటర్ల బటర్‌ఫ్లై, 200 మీటర్ల బ్రెస్ట్‌స్ట్రోక్. ఫైనల్‌కి చేరలేదు. కానీ ఆయన ఈవెంట్ అయిన ఆ బ్రెస్ట్‌స్ట్రోక్‌లోనే ఒక విచిత్రం జరిగింది. జపాన్ స్విమ్మర్ మసారు ఫురుకవా రేసులో చాలా భాగం నీటి అడుగునే ఈది గోల్డ్ కొట్టాడు! పైన అలల్ని ఢీకొనడం కన్నా అడుగున పోవడమే ఫాస్ట్ అని రుజువు చేశాడు. ఆ తర్వాత బ్రెస్ట్‌స్ట్రోక్‌లో అలా అడుగున ఈదడాన్ని ఆపేశారు.

1988 సియోల్‌లో మళ్లీ అదే కథ, ఈసారి బ్యాక్‌స్ట్రోక్‌లో. అమెరికన్ డేవిడ్ బెర్కాఫ్ గోడను తన్ని, వెల్లకిలా నీటి అడుగున డాల్ఫిన్ కిక్స్ కొడుతూ పోయాడు. హీట్స్‌లో 54.51, వరల్డ్ రికార్డ్. ఫైనల్‌లో మాత్రం అదే ట్రిక్ వాడిన జపాన్ స్విమ్మర్ దైచి సుజుకి 55.05తో గెలిచాడు. వెంటనే రూల్ మారింది. అడుగున ముందు 10 మీటర్లే అన్నారు, తర్వాత 15కి పెంచారు. స్టార్ట్‌లో ఎంత బలం ఉందో చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? రూల్ పెట్టి మరీ ఆపాల్సి వచ్చింది.

ఇక బ్లాక్ మీద నిలబడే పద్ధతులు. పాత పద్ధతిలో చేతులు గుండ్రంగా ఊపి దూకేవాళ్లు. ఊపు బాగానే వచ్చేది, కానీ ఆ ఊపడానికే టైమ్ పోయేది. 1960లలో అమెరికన్ కోచ్ ఎరిక్ హనావర్ గ్రాబ్ స్టార్ట్ తెచ్చాడు. బ్లాక్ అంచుని చేతులతో పట్టుకుని, సౌండ్ రాగానే లాగి వదిలేయడం. బ్లాక్ మీంచి త్వరగా లేస్తారు. తర్వాత ట్రాక్ స్టార్ట్. రన్నింగ్ రేస్‌లోలాగా ఒక కాలు ముందు, ఒకటి వెనక. ఆ వెనక కాలికి తన్నడానికి ఆసరాగా ఒక వాలు పలక పెట్టారు, అదే కిక్ స్టార్ట్. ఒలింపిక్స్‌లో ఇది మొదట కనిపించింది 2012 లండన్‌లో.

మన భాషలో చెప్పాలంటే, సౌండ్ రాగానే ఎంత త్వరగా లేస్తావన్నది పింగ్, ఎంత స్పీడ్‌తో లేస్తావన్నది బ్యాండ్‌విడ్త్. ఒకటి పెంచబోతే ఇంకోటి తగ్గుతుంది. ఈ పద్ధతులన్నీ ఆ రెండిటి బేరమే.

చిన్న లెక్క వేద్దాం. 2016 రియోలో ఆంథొనీ ఎర్విన్ 50 మీటర్లు 21.40లో ఈదాడు. ఆ స్థాయి వాళ్లకి మొదటి 15 మీటర్లకు సుమారు ఐదున్నర సెకన్లు పడుతుంది అనుకోండి. మిగిలిన 35 మీటర్లకు దాదాపు 16. అంటే సెకనుకి 2.2 మీటర్లు. డైవ్ లేకుండా ఆ వేగంతోనే మొదటి 15 ఈదితే 6.8 సెకన్లు. అంటే డైవ్ సెకను పైనే మిగిల్చింది. ఆ రేసులో రెండో స్థానం ఫ్లోరెంట్ మనాదూది, 21.41. తేడా సెకనులో వందో వంతు! గ్రాబ్, ట్రాక్, కిక్ మధ్య తేడా కూడా ఇలాంటి వందో వంతుల్లోనే ఉంటుంది. వాళ్లకి అదే మెడల్.

మరి మనకి? బ్లాక్స్ ఉన్న పూల్‌లో గోడకి మీటరు నుంచి ఆరు మీటర్ల దాకా కనీసం 1.35 మీటర్ల లోతు ఉండాలని అంతర్జాతీయ రూల్. అంటే దాదాపు నాలుగున్నర అడుగులు. అది కూడా నీటిని తక్కువ కోణంలో తాకడం ఏళ్ల తరబడి నేర్చుకున్న వాళ్లకి. మన చుట్టుపక్కల పిల్లల పూల్ మూడడుగులు, మూడున్నర. అందులో రీల్ కోసం తల ముందుకు పెట్టి దూకితే మిగిలే టైమ్ సున్నా, పోయేది మెడ.

కాబట్టి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, పూల్‌కి వెళ్లగానే ముందు గోడ మీద రాసిన లోతు చదవండి. రాసి లేకపోతే కోచ్ సార్‌ని అడగండి. డైవ్ నేర్చుకోవాలంటే లోతైన వైపు, కోచ్ ఉన్నప్పుడు, మొదట గట్టు మీద కూర్చుని, తర్వాత మోకాళ్ల మీద, ఆఖర్న నిలబడి. తెలియని నీళ్లలో అయితే కాళ్లే ముందు, అదీ మెల్లగా దిగడమే.

ఈ వీడియోని మీ ఇంట్లో సమ్మర్ బ్యాచ్‌కి వెళ్లే చిన్నోళ్లకి పంపండి. నా మచ్చ వాళ్లకి రావొద్దు. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి.