అడవికోడి మెడ ఈకలు

మా పావగడ చెరువుల్లో గాలానికి ఎర్రను గుచ్చడమే మేము ఎరుగుదుము. ఇంగ్లీషు దొరలు సాల్మన్ చేప కోసం ఈకలతో, పట్టుదారంతో ఉత్తుత్తి ఎర కట్టేవారు. 19వ శతాబ్దపు 'జాక్ స్కాట్' ఎరకు రెండు పక్కలా మన దక్షిణాది అడవికోడి పుంజు మెడ ఈకలే కావాలి. మైనం బొట్టు పెట్టినట్టు మెరుస్తాయవి. ఆ మెడ కోసం పక్షిని చంపాల్సిందే! ఎర కట్టినందుకు కూలి అక్కడివాళ్ళకు ముట్టింది. మన అడవుల నుంచి పోయింది పుంజుల ప్రాణం.

ఈనాడు కెన్యాలో ఎందరో ఈ ఎరలు కట్టి ఇల్లు నడుపుకుంటున్నారు. మనకా పని రానేలేదు, అది మాకు చింతే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఇప్పుడు అడవికోడిని వేటాడితే నేరం. పరదేశాల్లో మాత్రం ఆ పుంజులను పెంచి, ఈకలు అమ్ముకుంటున్నారు.