యంత్రము మరువకముందే

హైదరాబాదు నుండి మొయినాబాదు మీదుగా చేవెళ్లకు పోవు బాట కిరుప్రక్కల నిలిచిన మఱ్ఱిచెట్లు ప్రసిద్ధములు. ఆ రహదారిని వెడల్పు చేయవలెనను ప్రయత్నము వచ్చినప్పుడు వృక్షప్రేమికులు దాదాపు 900 చెట్లను లెక్కించి, ఏ చెట్టు ఎచ్చట నున్నదో గుర్తించి పట్టిక వ్రాసిరి. చెట్టు నిలిచి యుండగానే లెక్క వ్రాసికొనుట వివేకము. అదే బాట వెంట పెండ్లి మండపములును పెక్కు గలవు. అచ్చట సన్నాయితో, డప్పుతో పాటు నేడు కీబోర్డును వినబడుచున్నది. ఆ కీబోర్డులో దాగియున్న ధ్వనులకు కూడ ఇట్టి పట్టిక యొకటి కావలెనని మా మనవి.

శబ్దము పుట్టిన క్షణముననే నశించునది. ఈ సంగతి ప్రసారవృత్తిలోని మావంటి వారికి బాగుగా తెలియును. నిజాము కాలపు దక్కన్ రేడియో 1950 ఏప్రిల్ 1న ఆకాశవాణిలో చేరినది. ఆ తొలినాళ్ల కచేరీలలో పెక్కు అప్పటికప్పుడు ప్రసారమై గాలిలో కలిసిపోయినవి. రికార్డు చేసినవే మనకు దక్కినవి. పాటను నిలుపుకొనవలెనను పాఠము మన మట్లు నేర్చితిమి. అయితే సింథసైజరు విషయమున పాట నొక్కదానిని నిలుపుట చాలదు.

వీణకు తంత్రి తెగినచో మరియొక తంత్రి కట్టుదుము. నాదము నిచ్చు పనసకొయ్య అట్లే యున్నది. సింథసైజరులో నాదమనగా కొన్ని అంకెల కూర్పు. ధ్వని యెంత త్వరగా లేవవలెను, ఎంతసేపు నిలువవలెను, ఎట్లు అణగవలెను, ఎంత పదునుగా నుండవలెను అను వాని నన్నిటిని వాద్యకారుడు గంటల తరబడి సవరించి ఒక ‘టోను’ను సిద్ధము చేయును. 1970లో వచ్చిన మినీమూగ్ అను వాద్యమునకు జ్ఞాపకమే లేదు. మీటలను ఏ స్థానమున నుంచినదియు కాగితముపై గీసికొనవలసినదే. 1978 నాటి ప్రాఫెట్-5 నలువది టోనులను తనలో దాచుకొన గలిగినది. 1983లో వచ్చిన యమహా డీఎక్స్-7 ముప్పదిరెండు టోనులను దాచెను. విద్యుత్తు లేనివేళ ఆ జ్ఞాపకమును కాపాడునది లోపలనున్న చిన్న బ్యాటరీ. అది నీరసించిన నాడు యంత్రము సర్వము మరచిపోవును. కర్మాగారమువా రిచ్చిన టోనులను మరల తెచ్చుకొనవచ్చును గాని, వాద్యకారుడు స్వయముగా కల్పించుకొన్నవి తిరిగి రావు.

మన దేశపు అనుభవమే యొకటి చూతము. అహమదాబాదులోని జాతీయ డిజైన్ సంస్థలో 1969లో అమెరికా సంగీతజ్ఞుడు డేవిడ్ ట్యూడర్ మూగ్ సింథసైజరుతో ఒక స్టూడియో నెలకొల్పెను. గీతా సారాభాయి మొదలగువా రచ్చట ప్రయోగములు చేసిరి. ఆ టేపులు సంస్థలోనే చిరకాలము పడియుండి, పిమ్మట వెలికివచ్చి, 2023లో లోకమునకు వినబడినవి. టేపు లుండుటచే సంగీతము బ్రదికినది. అయితే ఏ తీగను ఎచ్చట కలిపి ఆ ధ్వనిని పుట్టించిరో టేపు చెప్పజాలదు.

తెలుగు చలనచిత్ర సంగీతమునకును ఇదియే వర్తించును. 1980-90 దశకములలో రాజ్–కోటి జంట పాటలలో కీబోర్డునకు ముఖ్యస్థానము లభించినది. 1992లో ‘రోజా’తో సంగీతదర్శకుడైన ఏ.ఆర్. రహమాను అంతకుముందు వీరి వద్ద కీబోర్డు వాయించెను. ఆ పాటలు నేటికిని వినుచున్నాము. కాని పాట వేరు, పాటలోని ధ్వనిని మరల పుట్టించు సూత్రము వేరు. వంట రుచి చూచినంత మాత్రమున పాకము తెలియదు గదా!

దీనికి ఉపాయము 1983లోనే లభించినది. వేర్వేరు కంపెనీల వాద్యములు పరస్పరము మాటలాడుకొనుటకై ఏర్పడిన ‘మిడి’ అను పద్ధతి యది. ఈ మార్గమున సెకనునకు 31,250 బిట్లు ప్రయాణము చేయును. డీఎక్స్-7 లోని ముప్పదిరెండు టోనులును కలిసి 4,104 బైట్లు మాత్రమే. అవి కంప్యూటరునకు చేరుటకు సెకనున్నర యైనను పట్టదు. వాద్యపు ‘మిడి అవుట్’ను కంప్యూటరునకు తగిలించిన చిన్న ఉపకరణపు ‘ఇన్’తో కలిపి, తగిన ప్రోగ్రాముతో పంపిన దానిని భద్రపఱచిన చాలును. అంతకన్న ముందటి రోలాండ్ జూనో-60 వంటి వాద్యములకు మిడి లేదు. అవి తమ జ్ఞాపకమును కీచుధ్వనిగా మార్చి క్యాసెట్టున కెక్కించును. ఆ ధ్వనినే కంప్యూటరులో రికార్డు చేయవచ్చును. ఫ్లాపీలపై దాచినవారు వానిని మరింత త్వరగా ప్రతి తీయవలెను. అయస్కాంతపు గుర్తులు కాలక్రమమున క్షీణించును.

ఒక జాగ్రత్త మరువరాదు. బ్యాటరీ మార్చుటకు ముందే ప్రతి తీయవలెను, తరువాత కాదు. తీసిన ప్రతి సరిగా నున్నదో లేదో పరీక్షింపవలెను. వేర్వేరు చోట్ల రెండు ప్రతు లుంచి, ఏ టోను ఎవరు చేసినదో, ఏ సందర్భమునకు వాడినదో నాలుగు మాటలు వ్రాసియుంచవలెను. పేరులేని అంకెల మూట తరువాతివారికి ఉపయోగపడదు.

మన కీబోర్డు వాద్యకారులు డప్పు మ్రోతను, సన్నాయి గమకమును మీటలపై పలికించుటకు పడిన శ్రమ సామాన్యము కాదు. ఆ శ్రమ ఏ పుస్తకములోను లేదు. వారి పెట్టెలోనే యున్నది. పెద్దవారు గతించిన పిమ్మట ఇంటివారు ఆ పెట్టెను పాతసామానుల వానికి తూకమునకు వేయుటయు కద్దు. చేవెళ్లలోగాని, మొయినాబాదులోగాని, మరి యెచ్చటగాని, ఇంట పాత కీబోర్డు ఉన్నవారు దానిని అమ్ముటకు ముందు తెలిసినవాని కొకసారి చూపి, లోనున్న టోనులకు ప్రతి తీయింపుడు. అందుకు పట్టునది ఒక్క సాయంకాలము.