కొయ్య నెట్సుకెలు: చేతివాడుక చెప్పే సాక్ష్యం

జపాన్ దేశమున ఎదో యుగములో (1603–1868) ధరించిన కిమోనోకు జేబులుండేవి కావు. పురుషులు పొగాకు తిత్తిని, ‘ఇన్‌రో’ అనబడే మందుల భరిణెను త్రాటికి కట్టి, ఆ త్రాటిని నడికట్టు క్రిందుగా పైకి లాగి వ్రేలాడదీసుకొనేవారు. త్రాడు జారిపోకుండా పైకొసన కట్టిన చిన్న బిళ్ళయే నెట్సుకె. అరచేతిలో ఇమిడిపోయే ఈ బిళ్ళపైననే శిల్పులు ఎలుకలను, కప్పలను, దేవతలను, దయ్యాలను మలిచారు.

కొయ్య నెట్సుకెలలో అధికభాగం ‘త్సుగె’ అనే చెట్టు కలపతో చేసినవి. దాని నార మిక్కిలి సన్నము, గట్టిది. అందుచేత వెంట్రుక వంటి గీతను సైతం నిలుపుకొంటుంది. తంబ ప్రాంతపు తొయోమస (1773–1856), యమద పట్టణపు మసనావో వంశీయులు కొయ్యపనిలో పేరొందినవారు. 1781లో ఒసాకా వర్తకుడు ఇనాబా త్సూర్యూ ప్రకటించిన ‘సోకెన్ కిషో’ గ్రంథం యాభై మందికి పైగా శిల్పుల పేర్లను నమోదు చేసింది. మేజీ కాలమున జేబులు గల పాశ్చాత్య దుస్తులు వ్యాపించగా వీటి అవసరం తీరిపోయింది. వేలకొలది పరదేశీయుల చేతికి చేరాయి.

సేకరించేవారికి అసలు చిక్కు ఇక్కడనే మొదలవుతుంది. అడుగున చెక్కిన సంతకం ఒక్కటే ప్రమాణం కాజాలదు. ప్రసిద్ధుల పేర్లను శిష్యులూ వేసుకున్నారు, అనుకర్తలూ వేసుకున్నారు. మసనావో అన్న పేరు తరతరాలుగా సాగింది. కనుక పేరు కన్నా ముందు వాడుకను చూడవలెను. త్రాడు దూర్చే రెండు రంధ్రములను ‘హిమోతోషి’ అంటారు. ముడి దాగుటకై అనేక పాతవాటిలో ఒక రంధ్రం పెద్దదిగా ఉంటుంది, అంచులు త్రాటి రాపిడికి నునుపెక్కి ఉంటాయి. దేహానికి తగిలే వైపు, చేయి పడే ఎత్తైన భాగములు అరిగి మెరుస్తాయి; పల్లములలో చెక్కడం పదునుగానే మిగులుతుంది. అన్ని చోట్లా ఒకే నలుపు, ఒకే మెరుపు కనబడితే అది రంగుపూత కావచ్చును. అచ్చుపోసిన రెసిన్ నకళ్ళలో అతుకు గీత, గాలి బుడగల గుంటలు భూతద్దానికి చిక్కుతాయి.

కొన్న తరువాత నూనె రాసి తళతళలాడించుట తగదు. శతాబ్దాల చేతిస్పర్శ ఇచ్చిన ఛాయ ఆ ఒక్క తోముడుతో చెడిపోతుంది. మెత్తని పొడిగుడ్డ చాలును. ఎండకు, తేమకు దూరంగా ఉంచవలెను.

దంతపు నెట్సుకెల వర్తకానికి నేడు అనేక దేశాలలో చట్టపు అడ్డంకులున్నవి. భారతదేశంలో ఏనుగు దంతపు వ్యాపారం నిషిద్ధం. కొయ్యవాటికి ఆ ఇబ్బంది లేదు.

1938లో నాజీలు వియన్నాలోని ఎఫ్రుస్సీ కుటుంబపు ఆస్తులను కాజేసినప్పుడు, వారి పనిమనిషి అన్నా 264 నెట్సుకెలను కొద్దికొద్దిగా తరలించి తన పరుపులో దాచింది. యుద్ధం ముగిశాక వాటిని ఆ కుటుంబానికే అప్పగించింది. ఆ వంశీయుడైన ఎడ్మండ్ ద వాల్ 2010లో ఈ కథను పుస్తకంగా వెలువరించాడు.