చెట్ల తీర్థము

ఉదయమున బయలుదేరి పొద్దుగూకు వేళకు ఇల్లు చేరునట్టి ప్రయాణమును యాత్రగా లెక్కించువారు అరుదు. కాశీయాత్ర యాత్ర, రామేశ్వరయాత్ర యాత్ర. ఒక్కనాటి విహారమునకు అంతటి గౌరవము లేదు. కాని తెలంగాణపు పల్లెలలో దీనికొక చక్కని పేరు కలదు. దానిని చెట్ల తీర్థమందురు. ఇరుగుపొరుగువారు కలసి, వంటపాత్రలు, బియ్యము, పప్పు, కూరగాయలు మోసికొని, ఊరి వెలుపలి తోపునకు పోయి, అచ్చటనే పొయ్యి రాజవేసి, వండుకొని తిని, చీకటి పడకమునుపే మరలి వత్తురు. కోస్తా జిల్లాలలో ఇదియే వనభోజనము. కార్తికమున ఉసిరి చెట్టు క్రింద జరుగును. తీర్థమనుటకు నది ఉండవలెను, దేవుడుండవలెను అని మనము అనుకొందుము. చెట్టు నీడ ఉన్నచో చాలునని ఆ పల్లె మాట చెప్పుచున్నది. ఖర్చు లేని విహారమునకు ఇంతకన్న మంచి నిర్వచనము మాకు కానరాలేదు.

ఈ దృష్టితో శంషాబాదు పరిసరములను ఒకమారు చూతము. హైదరాబాదు నగరమునకు దక్షిణమున, కర్నూలు మీదుగా బెంగుళూరు పోవు రహదారిపై ఉన్న ఊరది. రైలు మార్గమున దీని స్టేషనునకు ఉందానగర్ అని పేరు. 2008 మార్చి 23వ తేదీన బేగంపేట నుండి విమానముల రాకపోకలు ఇచ్చటికి మారినవి. సుమారు 5,500 ఎకరములలో నెలకొన్న ఈ విమానాశ్రయము వలన శంషాబాదు పేరు దేశదేశములకు తెలిసినది. అయితే విమానము దిగినవారు నగరమువైపు తిరుగుదురేగాని, ఊరివైపు చూచువారు కొలదిమంది. ఆ చుట్టుప్రక్కల ఒక దినము గడపుటకు తగిన స్థలములు కలవు; వాటి వెనుక గొప్ప కథయు కలదు.

పూర్వము ప్రయాణమున భోజనమనగా కొనుక్కొను వస్తువు కాదు. అన్నమును అమ్మరాదను భావము మనవారిలో బలముగా ఉండెడిది. బాటసారి సద్దిమూట కట్టుకొని పోవలెను. లేదా పుణ్యాత్ములు నిలిపిన సత్రములో ఆగవలెను. గోదావరి లంకలలో డొక్కా సీతమ్మగారు ఆకలిగొని వచ్చినవారికి వేళకాని వేళనైనను అన్నము పెట్టి కీర్తి గాంచిరి. గోల్కొండ ప్రభువుల కాలమున బాటల వెంబడి సరాయిలు వెలసినవి. మచిలీపట్టణపు బాటపై హయాత్‌నగరులో హయాత్ బక్షీ బేగము కట్టించిన మసీదును, దాని చుట్టును బాటసారులకై నిర్మించిన గదుల వరుసలను నేటికిని చూడవచ్చును. అట్టి సరాయిలలో తల దాచుకొనుటకు చోటును, పశువులకు నీరును లభించెడివి. వంట మాత్రము ఎవరిది వారే చేసికొనవలెను. కనుక చెట్ల తీర్థము వేడుకగా మారుటకు ముందు, దారిన పోవువారి నిత్యకృత్యమే అయి ఉండెనని చెప్పవచ్చును.

పల్లె స్త్రీలకు ఏటేటా వచ్చు విహారము బతుకమ్మ పండుగ. సద్దుల బతుకమ్మనాడు పూలను పేర్చుకొని చెరువుగట్టునకు పోయి, ఆడి పాడి, బతుకమ్మను నీటిలో విడిచిన పిమ్మట, సత్తుపిండి, మలీద ఒకరికొకరు పంచుకొని తిందురు. రొట్టెను నలిపి బెల్లము కలిపినది మలీద. జొన్నలో, మక్కలో, నువ్వులో, పల్లీలో వేయించి పొడిచేసి తీపి చేర్చినది సత్తుపిండి. రెండును ఇంటిలో ఉన్న గింజలతో అయ్యెడివే, రెండును చేత పట్టుకొని తినవచ్చును, విస్తరియు అక్కరలేదు. కావలసినది చెరువుగట్టు. చెరువు నిండి ఉన్ననే పండుగ.

చెరువు అనగానే ఈ ప్రాంతపు చరిత్రలో ఒక భయంకరమైన దినమును తలచుకొనక తప్పదు. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీ నది పొంగి హైదరాబాదును ముంచెత్తినది. ఆ వరదలో సుమారు 15,000 మంది మరణించిరని అంచనా. దాదాపు 19,000 ఇండ్లు కూలినవి. అఫ్జల్‌గంజ్‌లో ఒక చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది ప్రాణములు దక్కించుకొనిరి. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో నేటికిని నిలిచియున్నది. ఆ వరదకు మూలమైన వాన ఎచ్చట కురిసినది? శంషాబాదున ఉన్న వర్షమాపకము 24 గంటలలో 12.8 అంగుళములు, 48 గంటలలో 18.9 అంగుళములు చూపినది. నగరమునకు ఎగువన నదీ పరీవాహమున 788 చెరువులుండగా, వాటిలో 221 తెగినవి. ఒక చెరువు తెగిన నీరు దిగువ చెరువుపై పడి దానిని తెంచెను. అది మరియొక దానిని తెంచెను. పల్లెల చెరువులన్నియు ఒక గొలుసువలె నగరముమీద పడినవి.

నిజాము ప్రభుత్వము ఆహ్వానింపగా 1909లో మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు హైదరాబాదు వచ్చిరి. గోడలు కట్టి నదిని అడ్డగించుటకంటె, ఎగువననే నీటిని పట్టి నిలుపుట మేలని వారు తలచిరి. మూసీపై ఒకటి, దాని ఉపనదియైన ఈసీపై ఒకటి, రెండు జలాశయములను నిర్మింపవలెనని సూచించిరి. ఆ సూచనను అనుసరించి మూసీపై గండిపేట వద్ద ఉస్మాన్ సాగరు 1920లోను, ఈసీపై హిమాయత్ సాగరు 1927లోను పూర్తియైనవి. మొదటిది ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీ ఖాను పేరిటను, రెండవది ఆయన పెద్ద కుమారుని పేరిటను వెలసినవి. వరదను ఆపుటకు కట్టిన ఆనకట్టలు నగరమునకు దాహము తీర్చినవి. గండిపేట నీరు త్రాగినవాడు హైదరాబాదు విడిచి పోలేడను నానుడి అటుల పుట్టినదే.

నీరు నిలువగానే జనులు వచ్చిరి. ఇది ఏ ప్రభుత్వమును ఉత్తరువు వేసి చేసినది కాదు. ఎండల బాధపడు నగరవాసికి పది పన్నెండు మైళ్ళ దూరమున సముద్రమువంటి జలరాశి కనబడినచో ఊరకుండునా? హైదరాబాదునకు సముద్రము లేదు. ఉన్న సముద్రతీరము హిమాయత్ సాగరు కట్టయే. శంషాబాదు దారిన ఆరాంఘర్ దాటిన పిమ్మట కొంత దూరమునకే ఆ కట్టను చేరవచ్చును. హిమాయత్ సాగరునకు 17 తలుపులు, ఉస్మాన్ సాగరునకు 15 తలుపులు కలవు. వానలు మెండుగా కురిసి తలుపులు ఎత్తిన దినమున, చిన్న పిల్లలను భుజములపై ఎక్కించుకొని వచ్చు తండ్రులతో ఆ పరిసరములు క్రిక్కిరిసిపోవును. కాల్చిన మక్క కంకులు, ఉడికించిన పల్లీలు, మిర్చిబజ్జీలు అమ్మువారికి అదియే పండుగ.

శంషాబాదునకు సమీపమున నర్కూడ గ్రామమున అమ్మపల్లి సీతారామచంద్రస్వామి ఆలయము కలదు. అది 13వ శతాబ్దము నాటిదని చెప్పుదురు. ఎత్తైన గోపురము, విశాలమైన కోనేరు, దాని చుట్టును మంటపములు గల ఈ ఆలయమును చలనచిత్రములలో చూడని తెలుగువాడు అరుదు. చూచినది అమ్మపల్లియని ఎరిగినవాడు అంతకన్న అరుదు. ఉస్మాన్ సాగరు తీరమున చిలుకూరు బాలాజీ ఆలయము కలదు. అచ్చట హుండీ లేదు. డబ్బు చెల్లించి ముందుగా పోవు ప్రత్యేక దర్శనమును లేదు. కోరిక కోరుకొనునప్పుడు 11 ప్రదక్షిణములు, తీరిన పిమ్మట 108 ప్రదక్షిణములు చేయుదురు. విదేశయాత్రకు అనుమతి లభింపవలెనని మ్రొక్కుకొను యువకులు వచ్చి వచ్చి, ఆ స్వామికి వీసా బాలాజీయను పేరే తెచ్చిరి. విమానాశ్రయము శంషాబాదునకు రాకమునుపే వారి విమానయానము చిలుకూరులో మొదలైనదన్నమాట! కాళ్ళలో సత్తువ తప్ప వేరు మూల్యము కోరని ఆలయము, ఒక్కనాటి విహారమునకు ఎంత అనువైనదో వేరుగా చెప్పనక్కరలేదు.

ఇక భోజనము మాట. అన్నము అమ్మరాదను కట్టు సడలి, హోటలు అను మాట మన వాడుకలో చేరిన పిమ్మట, హైదరాబాదున సామాన్యునికి తోడుగా నిలిచినవి ఇరానీ హోటళ్ళు. పారశీక దేశము నుండి బొంబాయి, పూనా నగరములకు వచ్చి, అచ్చటినుండి హైదరాబాదు చేరినవారు వీటిని స్థాపించిరి. తేయాకు కషాయమును మూతపెట్టిన పాత్రలో చాలసేపు మరిగింతురు. పాలను వేరుగా కాచి చిక్కబరతురు. కప్పులో రెండును కలుపుదురు. రుచి రహస్యమంతయు ఆ నిదానములో ఉన్నది. ఒక చాయను ఇద్దరు పంచుకొనవచ్చును. రెండు ఉస్మానియా బిస్కట్లతో పూట గడపవచ్చును. ఎంతసేపు కూర్చుండినను లేవుమనువారు లేకుండుట వాటి ఘనత. కూలివాడును, కవియు, వకీలును ఒకే పాలరాతి బల్లవద్ద కూర్చుండిరి. అందరును కూర్చుండగల చోటు కావుననే ఆ హోటలును చెట్టు నీడతో పోల్చుచున్నాము.

శంషాబాదు రహదారిపై నేడు ఇడ్లీ, దోసె బండ్లు, జొన్నరొట్టెలు చేసి అమ్ము స్త్రీలు, లారీ డ్రైవర్లకు వేడివేడి భోజనము పెట్టు ధాబాలు కలవు. దసరా సమయమున ఆ దారి వెంబడి సీతాఫలముల గంపలు వరుసలు తీరును. ఇదే రహదారిపై మరికొంత దూరమున ఉన్న బాలానగర్ పేరిట ఒక సీతాఫలపు జాతియే ప్రసిద్ధి చెందినది. ఇక విమానాశ్రయముల లోపల, ఏ దేశమందైనను, చాయ ధర బయటి ధరకు అనేక రెట్లుండుట అందరును ఎరిగినదే. అందులకు ఆశ్చర్యపడము. అయితే ఆ గోడకు ఇవతల, విమానాశ్రయమును ఊడ్చి తుడుచువారు, సామానులు మోయువారు, ట్యాక్సీలు నడపువారు ఆకలి తీర్చుకొనుచున్నది ఈ బండ్లవద్దనే యని మరువరాదు. హైదరాబాదు నగరపాలక సంస్థ 2014లో 5 రూపాయలకే భోజనము పెట్టు కేంద్రములను తెరచినది. సీతమ్మగారి సత్రమునకు అది నేటి కాలపు వారసత్వమని అనుకొనవచ్చును.

ఈ విషయమున దూరదేశపు ఉదాహరణ ఒకటి చెప్పుదుము. కరీబియను సముద్రపు దీవులకు విహారమునకై పోవు సంపన్నులు అనేకులు, తీరమునగల హోటలుకే మొత్తము సొమ్ము చెల్లించి, దాని ఆవరణ దాటకయే మరలి వత్తురు. ఆవరణ దాటినవారికి ట్రినిడాడు వీధిలో డబుల్స్ అను చౌక తినుబండారము లభించును. మెత్తని బారాలు రెండింటి నడుమ కాబూలీ సెనగల కూర పెట్టి ఇత్తురు. అది ఎవరిదో కాదు. 1845 మే 30వ తేదీన మొదటి ఓడ ట్రినిడాడు చేరినది మొదలు 1917 వరకు చెరకు తోటలకు కూలీలుగా పోయిన భారతీయుల సంతతివారు కల్పించిన వంటకము. కలకత్తా, మదరాసు రేవుల నుండి కరీబియను దీవులకు ఓడలెక్కినవారిలో తెలుగువారును ఉండిరి. పేదవాడు పేదవానికై వండినదే కాలక్రమమున ఒక దేశపు రుచియైనది. ఊరి నిజమైన రుచి ఎప్పుడును ఆవరణకు వెలుపలనే ఉండునని ఆ దీవులును, మన శంషాబాదును ఒకే పాఠము చెప్పుచున్నవి.

మొన్నటి కార్తికమున మేమును సద్దిమూటతో హిమాయత్ సాగరు కట్టకు పోయితిమి. పులిహోర, పెరుగన్నము తినుచుండగా ప్రక్కన ఒక కుటుంబమువారు కూర్చుండిరి. వారి ఇంటి పెద్దామె నీటివైపు చూచి, “ఈ నీళ్ళు ఉన్నన్ని దినాలే బిడ్డా, ఈ ముచ్చట” అని మనుమరాలితో అనినది. ఆ మాట మమ్ము చాలకాలము వెంటాడినది.

ఏలయన ఈ నీటికి రక్షణ ఊరక రాలేదు. 1996 మార్చి 8వ తేదీన వెలువడిన 111వ నంబరు ప్రభుత్వ ఉత్తరువు రెండు జలాశయముల చుట్టును 10 కిలోమీటర్ల పరిధిలో, 84 గ్రామములందు, కాలుష్యము కలిగించు కర్మాగారములను, పెద్ద హోటళ్ళను, నివాస కాలనీలను నిషేధించినది. శంషాబాదు మండలమునందలి పెద్దషాపూరు గ్రామమున ఆముదపు నూనె నుండి ఇతర పదార్థములు తీయు కర్మాగారమును గూర్చిన వివాదము సుప్రీముకోర్టు వరకు పోయినది. 2000 డిసెంబరులో న్యాయస్థానము, శుభ్రమైన త్రాగునీరు జీవించు హక్కులో భాగమని పలికి, ఆ కర్మాగారమునకు మినహాయింపు చెల్లదనినది. పిమ్మట కృష్ణా, గోదావరి జలములు నగరమునకు వచ్చినవి కావున ఈ జలాశయములపై ఆధారము తగ్గినదని చెప్పి, 2022 ఏప్రిలులో 69వ నంబరు ఉత్తరువుతో ఆ నిషేధములను సడలించిరి. ఆ గ్రామముల రైతులకు తమ భూమికి తగిన ధర రాలేదను బాధ చిరకాలముగా ఉన్నది. అది అబద్ధము కాదు. నగరము త్రాగు నీటికి వారొక్కరే మూల్యము చెల్లించుట న్యాయము కాదు. అయితే 1908లో శంషాబాదున కురిసిన వాన మరల కురియదని ఎవరు పూచీ పడగలరు? నీరు పారు దారులలో కట్టడములు లేచినచో, ఆ వాన ఎచ్చటికి పోవలెను? త్రాగుటకు వేరు నీరు దొరకవచ్చును. వరద నిలుచుటకు వేరు చోటు దొరకదు.

చౌకగా విహరించుట చిన్న విషయమని కొందరు తలంతురు. పదివేలు ఖర్చుపెట్టగలవానికి ఆకాశమంతయు త్రోవయే. వంద రూపాయలతో పిల్లలను వెంటబెట్టుకొని ఆదివారము బయలుదేరువానికి, గేటు లేని గట్టు, హుండీ లేని గుడి, అదరగొట్టని అంగడి, ఎండని చెరువు కావలెను. వీటిలో మొదటి మూడును మన పెద్దల మంచితనము వలనను, దారిప్రక్క వండిపెట్టువారి కష్టము వలనను దక్కినవి. నాలుగవది మాత్రము 15,000 ప్రాణములను బలిగొన్న వరద నేర్పిన పాఠము వలన దక్కినది. హిమాయత్ సాగరు కట్టపై సద్దిమూట విప్పునప్పుడు ఆ సంగతిని మన బిడ్డలకు ఒక్కమారు చెప్పుదము. తీర్థమునకు పోయినవారు స్థలపురాణము వినక మరలిరాకూడదు గదా!