ఆసుపత్రిలో చిక్కిపోతున్న రోగికి షోర్బా చాలదు.. ఓఎన్‌ఎస్ ఎవరికి? ఎలా ఇవ్వాలి?

కల్లూరు: కర్నూలు నగరంలో కలిసిపోయిన కల్లూరు వాసులకు పెద్ద జబ్బు చేస్తే దిక్కు కర్నూలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రే. 1957లో మొదలైన కర్నూలు మెడికల్ కాలేజీకి ఇది బోధనాసుపత్రి. ఇలాంటి పెద్దాసుపత్రుల్లో ఉన్నవాళ్లకు ఇంటి నుంచి గంజి, షోర్బా, కొబ్బరినీళ్లు తీసుకెళ్లడం మామూలే. కానీ పలుచటి షోర్బాలో నీళ్లే ఎక్కువ, మాంసకృత్తులు తక్కువ. అప్పటికే చిక్కిపోయిన రోగికి అది సరిపోదు. డాక్టర్లు ఓఎన్‌ఎస్, అంటే నోటితో తాగే పోషకాహారం రాసేది అందుకే. తక్కువ పరిమాణంలోనే క్యాలరీలు, ప్రొటీన్, విటమిన్లు, ఖనిజాలు అందడం దీని ప్రత్యేకత.

ఎవరికి అవసరం?
బీఎంఐ 18.5 కంటే తక్కువ ఉంటే పోషకాహార లోపం కింద లెక్క. 160 సెంటీమీటర్ల ఎత్తున్న మనిషి 47 కిలోల లోపు ఉన్నాడంటే అదే పరిస్థితి. 60 కిలోల మనిషి ప్రయత్నించకుండానే మూడు నుంచి ఆరు నెలల్లో 6 కిలోలకు పైగా తగ్గినా ప్రమాదమే. లావుగా కనిపించేవాళ్లకూ ఇది వర్తిస్తుంది. అందుకే అడ్మిట్ అయిన రోజే బరువు చూడమని అడగాలి.

ఫలితం ఉంటుందా?
స్విట్జర్లాండ్‌లోని 8 ఆసుపత్రుల్లో 2 వేల మందికి పైగా రోగులపై చేసిన ‘ఎఫర్ట్’ అధ్యయనం 2019లో లాన్సెట్‌లో వచ్చింది. ఒక్కొక్కరి అవసరాన్ని బట్టి ఆహారం, అది చాలకపోతే ఓఎన్‌ఎస్ ఇచ్చారు. 30 రోజుల్లో మరణాలు మామూలు ఆసుపత్రి భోజనం తిన్నవాళ్లలో 10 శాతం ఉంటే, వీళ్లలో 7 శాతమే.

ఎలా ఇవ్వాలి?
భోజనం మానేసి కాదు, రెండు పూటల భోజనం మధ్యలో ఇవ్వాలి. ఒకేసారి తాగించకుండా కొంచెం కొంచెంగా పట్టాలి. వృద్ధులకు రోజుకు కనీసం 400 క్యాలరీలు, 30 గ్రాముల ప్రొటీన్ దీని ద్వారా అందాలని యూరప్ నిపుణుల సంస్థ ఎస్పెన్ చెబుతోంది. ఎంత తాగారో రాసిపెట్టి నర్సుకు చూపించాలి. తాగకుండా మిగిలిపోయిన గ్లాసు వల్ల ఉపయోగం లేదు.

జాగ్రత్తలు
చాలా రోజులు సరిగ్గా తినని రోగికి ఒక్కసారిగా ఎక్కువ ఇస్తే రక్తంలో ఫాస్ఫరస్, పొటాషియం పడిపోయి గుండెకే ముప్పు రావచ్చు. మెల్లగా పెంచాలి. షుగర్, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు, మింగడం కష్టమైనవాళ్లకు డాక్టరు, డైటీషియన్ చెప్పిన రకమే ఇవ్వాలి. మెడికల్ షాపులో కనిపించే ప్రతి డబ్బా పౌడరూ ఓఎన్‌ఎస్ కాదు.

టీబీ రోగులకు కేంద్రం నిక్షయ్ పోషణ్ యోజన కింద నెలకు రూ.500 ఇచ్చేది. 2024 నవంబర్ నుంచి దాన్ని రూ.1,000 చేసింది. బీఎంఐ 18.5 లోపు ఉన్నవాళ్లకు చికిత్స మొదటి రెండు నెలలు అదనపు పోషకాహారం కూడా ఇవ్వాలని నిర్ణయించింది.

డిశ్చార్జ్ అయ్యాక కూడా డాక్టరు చెప్పినన్ని వారాలు ఇది కొనసాగాలి. ఇంట్లో గుడ్డు, పప్పు, వేరుశనగ, పాలు, రాగి సంగటి తోడైతే ఖర్చు తగ్గుతుంది, బలం నిలబడుతుంది.