నష్టాల్లో ఉన్న పల్లె బస్సును ఆపేస్తే ఆర్టీసీకి నష్టం తగ్గుతుందా?

'ఆదాయం రావట్లేదు' అంటూ ఊరి బస్సు ఆపేశారన్న ఫిర్యాదులు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ వినిపిస్తుంటాయి. కిలోమీటరుకు వచ్చే ఆదాయాన్ని ఆర్టీసీ భాషలో ఈపీకే అని, అయ్యే ఖర్చును సీపీకే అని అంటారు. సీపీకే కంటే ఈపీకే తక్కువగా ఉంటే సర్వీసు నష్టాల్లో ఉన్నట్టే. కానీ దాన్ని ఆపేస్తే నష్టం తగ్గుతుందా అన్నది వేరే లెక్క.

ఏ ఖర్చులు చూడాలి?

బస్సు ఆగితే మిగిలే ఖర్చు, పోయే ఆదాయం. ఈ రెండే చూడాలి.

• మిగిలేవి: డీజిల్, టైర్ల అరుగుదల, తిరిగిన దూరాన్ని బట్టి అయ్యే మరమ్మతులు.
• మిగలనివి: డిపో నిర్వహణ, ప్రధాన కార్యాలయం ఖర్చుల్లో వాటా, బస్సు కొన్నప్పుడే పెట్టేసిన సొమ్ము.
• సందర్భాన్ని బట్టి: జీతాలు. రెగ్యులర్ సిబ్బందిని వేరే డ్యూటీకి పంపితే జీతం మిగలదు. ఓవర్‌టైమ్ తగ్గితే ఆ మేరకు మిగులుతుంది. అద్దె బస్సైతే యజమానికి కిలోమీటరు చొప్పున చెల్లించే మొత్తం కూడా ఆదా కావచ్చు.

ఉదాహరణకు...

ఒక పల్లెవెలుగు బస్సు రోజుకు 200 కిలోమీటర్లు తిరిగి రూ.6,000 తెస్తోందనుకుందాం. డీజిల్, టైర్లు, మరమ్మతులకు రూ.4,400, జీతాలకు రూ.4,600, ఇతర వాటాలకు రూ.3,000. మొత్తం రూ.12,000. కాగితంపై నష్టం రూ.6,000.

ఆపేస్తే మిగిలేది రూ.4,400, పోయేది రూ.6,000. అంటే నష్టం రోజుకు మరో రూ.1,600 పెరుగుతుంది. ఈ బస్సులో పట్నానికి వచ్చి అక్కడ ఎక్స్‌ప్రెస్ ఎక్కేవారి టికెట్ల సొమ్ము రూ.400 కూడా పోతే, తేడా రూ.2,000.

మరి ఎప్పుడు ఆపాలి?

అదే బస్సు, అదే సిబ్బంది మరో రూట్లో డీజిల్ తదితర ఖర్చులు పోను రూ.2,000 కంటే ఎక్కువ తెస్తే, మార్చడమే ఆర్టీసీకి లాభం. బస్సు ఖాళీగా డిపోలో నిలబడేటట్టయితే మాత్రం తిప్పడమే మేలు.

ఉచిత ప్రయాణం సంగతి?

మహిళల ఉచిత టికెట్లకు ప్రభుత్వం చెల్లించే సొమ్ము ఆర్టీసీకి ఆదాయమే, ఖజానాకు ఖర్చు. కాబట్టి లెక్క ఎవరి వైపు నుంచి వేస్తున్నారో ముందే చెప్పాలి. పిల్లల చదువు, ఆస్పత్రి అవసరాలు ఏ లెక్కలోనూ కనిపించవు. వాటి కోసం నష్టమైనా నడపాలంటే, ఆ భారం ఎవరు మోయాలో ప్రభుత్వం తేల్చాలి.

మీ ఊరి బస్సు ఆపేస్తామంటే డిపో మేనేజర్‌ను అడగాల్సింది 'నష్టమెంత?' అని కాదు, 'ఆపితే మిగిలేదెంత?' అని.