పాదుషాల వేటచీతాలు

రాజుల వేట యనగానే డేగలును, వేటకుక్కలును స్ఫురించుట సహజము. మన దేశమున శతాబ్దములపాటు జింకలవేటకు నియోగింపబడిన మృగము మఱొకటి కలదు. అది చీతా. దీనిని చిరుతపులి యని భ్రమపడరాదు. చిరుతపులి మచ్చలు గుత్తులుగా నుండును, చీతావి నిండుచుక్కలు. కంటి కొననుండి నోటివఱకు కాటుక కారినట్లుండు నల్లని చారయే దీని ఆనవాలు.

పులి పొంచియుండి పైబడును. చీతా పట్టపగలు బయలున తఱిమి పట్టును. గంటకు 100 కిలోమీటర్లకు చేరువయగు ఆ వేగము కొన్ని క్షణములే నిలుచును. ఆలోపల జింకను ముంగాలితో తట్టి కూల్చి, గొంతు కఱచి ఊపిరాడనీయదు. పిమ్మట చాలసేపు రొప్పుచు నుండును. బలవంతములైన మృగములు వచ్చి లాగికొనునేమో యని తొందరగా తినును.

వేటగాండ్రు ఈ స్వభావమునే వాడుకొనిరి. చీతా కండ్లకు గంత కట్టి, ఎడ్లబండిపై ఇఱ్ఱుల మంద దగ్గఱకు కొనిపోయెడివారు. రైతుల బండ్లను నిత్యము చూచు ఇఱ్ఱులు ఈ బండికిని బెదరవు! గంత విప్పగానే చీతా దుమికెడిది. జింక కూలినంతనే కాపరి పరుగెత్తి, దాని నెత్తురు కొయ్యగరిటెతో పట్టి చీతా మూతికి అందించును. అది త్రాగుచుండగా మరల గంత కట్టును. కష్టమంతయు దానిది, ప్రతిఫలము ఒక కాలిముక్క.

అక్బరు కొలువులో చీతాలకు ఎనిమిది తరగతు లుండెనని అబుల్ ఫజలు వ్రాసెను. మొదటి తరగతి దానికి దినమునకు 5 సేర్ల మాంసము. ఒక గండిని లంఘించి జింకను పట్టిన చీతాకు ముందు భేరి మ్రోగింపబడెడిదట. మన విజయనగర సంస్థానమునను చీతా లుండెడివి. 1880లో వానిలో నొకదానివలన గాయపడి విశాఖపట్టణమున ఒక ఆంగ్లాధికారి మరణించెను.

ఈ వైభవమునకు వెల యెంతయో జహంగీరు వ్రాతలవలన తెలియును. తన తండ్రి వేయి చీతాలను సమకూర్చినను అవి చెఱలో జతకూడలేదట. తన కాలమున ఒకటి పట్టెడ వదలించుకొనిపోయి ఆడుదానిని కలియగా మూడు పిల్లలు పుట్టుటను వింతగా చెప్పుకొనెను. కనుక కొలువులోని ప్రతి చీతాయు అడవినుండి రావలసినదే. అదియు ఎదిగినదే కావలెను. ఏలయనగా వేట తల్లివద్ద నేర్చు విద్య. పసినాడే పట్టి తెచ్చినది వేటకు కొఱగాదని కాపరుల యనుభవము. ఈ విధముగా అడవి ఏటేట తన పెద్దచీతాలను కోలుపోయెను.

ఆంగ్లేయుల కాలమున చంపినవారికి బహుమానము లిచ్చిరి, పచ్చికబయళ్లు పొలములాయెను. ఇరువదవ శతాబ్దారంభమున కొల్హాపురము, భావనగరము ప్రభువులు చీతాలను ఆఫ్రికానుండి తెప్పించుకొనవలసి వచ్చెను. 1947లో కొరియా సంస్థానాధీశుడు ఒక్కరాత్రి మూడింటిని కాల్చెను. 1952లో ఇవి దేశమున లేవని ప్రభుత్వము ప్రకటించెను.

2022 సెప్టెంబరు 17న నమీబియానుండి ఎనిమిది చీతాలను మధ్యప్రదేశ్‌లోని కూనో అడవికి తెచ్చిరి. మఱుసటి మార్చిలో అక్కడ నాలుగు పిల్లలు పుట్టెను. మూడు మే నెల యెండలకు తాళలేక చచ్చెను. మిగిలిన ఆడుపిల్ల తల్లివద్ద గాక మనుష్యుల చేతులలో పెరిగెను.